జున్నుపాల ముంత

"ఖాజా ఇంట్ల బర్రె నిన్న పొద్దుగాల ఈనిందంట. ఇంతవరకు ముంత రాలేదేంది?" అన్నాడు చిన్నాయన రొట్టె తుంచుతూ.

"ఎందుకు రావాలె?" అన్నది అమ్మ. పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"అందరిండ్లకెళ్ళి వస్తున్నది గద వదినె. నేనేమన్న అడిగి తెప్పిచ్చుకుంటున్ననా? మనసుల ఉండి తెస్తుండ్రు."

"మనసుల ఉన్నోళ్ళు తెస్తుండ్రు. లేనోళ్ళు తేలే. ఇప్పుడు నువ్వు అడుగుతున్నవ్ గద, ఇగ అది మనసెట్లయితది?"

"ఖాజాకు నా మీద మనసు లేదంటవా? వాడు నా పానమసొంటోడు."

"పానమసొంటోని ఇంటికి పంచాయితీ సుంకరిని తోలుతవా?"

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఒకలు చెప్పాల్నా? సుంకరి ఎల్లయ్య కట్టె వట్టుకొని ఖాజా ఇంటి దిక్కు పోతుంటే నాకు కండ్లు లేవా? కుర్మన్నా, జర ఇనుకో. ఆ పాలు ఆ ఇంటి దూడవి, ఆ ఇంటి పిల్లలవి. నువ్వే చెప్పినవ్ ఈ మాట. గీ పొయ్యికాడ నిలవడే చెప్పినవ్."

"అప్పుడు చెప్పింది దొర గడి ముచ్చట వదినె. గడి వేరు, మనం వేరు."

"ముంతలైతే ఒక్కతీరే ఉన్నయి" అన్నది అమ్మ.

చిన్నాయన చేతిలోని రొట్టె పళ్ళెంలో పడేసి లేచాడు. మా నాయిన తల ఎత్తలేదు. తమ్ముడితో మాటా మాటా రాకూడదని ఆయన ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం తప్ప ఏ తగవులోనూ ఏనాడూ ఏమీ చేయలేదు. చిన్నాయన చెయ్యి కడుక్కొని బయటికి పోయాడు. పళ్ళెంలో మిగిలిన సగం రొట్టెను అమ్మ నాకు పెట్టింది. మా ఇంట్లో కోపం వస్తే మనుషులు లేచిపోయేవాళ్ళు గానీ రొట్టె మాత్రం వృథా పోయేది కాదు.

ఇదంతా నా చిన్నప్పటి మాట. ఆ చిన్నాయన ఫోటో కోసమే మొన్న నాగర్‌కర్నూలులో మా ఇంటికి మనుషులు వచ్చారు. నేను పుట్టిన ఊరి వాళ్ళే, కానీ నేను ఆ ఊరు విడిచేనాటికి వీళ్ళెవరూ పుట్టలేదు. జీపులో వచ్చారు, మెడలో ఒకే రంగు కండువాలు. కాళ్ళకు మొక్కారు. మొక్కులకు నేను కరగను కాబట్టి నల్ల చాయే ఇచ్చాను. ఊరి మొగదల కుర్మన్న విగ్రహం పెడుతున్నామని, ముఖం సరిగ్గా రావాలంటే ఫోటో కావాలని చెప్పారు. "ఎందుకు పెడుతుండ్రు?" అని అడిగాను. "గదేందవ్వా, గడిని కూల్చినోడు గద. మన ఊరికి స్వేచ్ఛ తెచ్చినోడు" అన్నాడు వాళ్ళలో పెద్దమనిషి. "మరి ఖాజా బొమ్మ ఎక్కడ పెడుతుండ్రు?" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఖాజా ఎవలు?" అన్నారు.

అంతలో ఆ పెద్దమనిషి ఫోను మోగింది. కూర్చున్నవాడు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "అన్నా, చెప్పన్నా, నమస్తే అన్నా" అంటూ నడుము వంచి, కండువా సర్దుకొని మాట్లాడాడు. ఆ అన్న ఎవరో వనపర్తిలో ఎక్కడో ఉన్నాడు. ఇతను లేచిందీ వంగిందీ ఆయనకు కనబడదు. మాట అయిపోయేదాకా ఇతను కూర్చోలేదు. మా మనుమరాలు శ్రావణి నోరు మూసుకొని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వంగడం నేను ఎరిగినదే. మా అవ్వ, అంటే మా నాయినను కన్న తల్లి, గడి ముందు నుంచి పోతూ ఎవరూ లేకపోయినా అట్లాగే వంగేది. గోడకు వంగేది.

శ్రావణి వనపర్తిలో డిగ్రీ చదువుతుంది. వాళ్ళు పోయాక దాని పుస్తకం తెచ్చి నాకు చదివి చెప్పింది. ఏ దేశంలోనైనా ముందు కొత్త ఆలోచన పుడుతుందట. రాజు దేవుడు పంపినవాడు కాదు, జనం ఒప్పుకుంటేనే రాజు అని ఎవరో రాస్తారట. అది చదివినవాళ్ళు నలుగురికి చెబుతారు. ఆ తర్వాత విప్లవం వస్తుంది, రాజులు పోతారు. "తర్వాత?" అని అడిగాను. "తర్వాత ఏముంటది అవ్వా?" అన్నది. "రాజులు పోయినంక ఏమైతది అని అడుగుతున్న." అది పేజీలు తిప్పి చూసి, "పరీక్షకు గక్కడిదాంకనే ఉన్నది" అన్నది. సరే, నేను మూడో తరగతి దాటలేదు, నాకు ఏ పరీక్షా లేదు. పరీక్షకు రాని భాగం నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు వీపనగండ్ల అవతల. కృష్ణ దగ్గరే అంటారు గానీ, ఆ నీళ్ళు మా చేలకు వచ్చేంత దగ్గర కాదు. జొన్న, ఆముదం, వేరుశనగ, వానను బట్టి బతుకు. సంస్థానాలు పోయాయని, రాజులు దిగిపోయారని, ఢిల్లీలో జెండా మారిందని చెప్పుకునేవారు. మా ఊళ్ళో మాత్రం గడి గడిలాగే ఉంది, దొర దొరలాగే ఉన్నాడు. గడికి నీళ్ళు మోసేవాళ్ళు మోస్తున్నారు, బట్టలు ఉతికేవాళ్ళు ఉతుకుతున్నారు, కూలి అడిగినవాళ్ళు లేరు. ఇవన్నీ పెద్దవాళ్ళ బాధలు. పిల్లలుగా మాకు తెలిసిన బాధ ఒక్కటే, జున్ను.

బర్రె ఈనిందంటే మా ఇంట్లో పండుగ లాంటి హడావిడి. అవ్వ తెల్లవారకముందే వాకిలి అలికి, గుమ్మానికి వేపరెమ్మ కట్టేది. అమ్మ బెల్లం, శొంఠి వేసి కాచిన నీళ్ళు బర్రెకు తాపేది. దూడ తాగినంత తాగాక, చింతపండు, బూడిద వేసి తోమిన ఇత్తడి ముంతలో పాలు పిండేది. పసుపు కలిపినట్టు చిక్కగా దిగేవి ఆ పాలు. ఇల్లంతా ఒక రకమైన వెచ్చటి వాసన, పచ్చిగడ్డి, నెయ్యి, బాలింత కొట్టం అన్నీ కలిసిన వాసన. ముంతకు మోదుగాకు మూతపెట్టి, తలమీద పెట్టుకొని, చెప్పులు లేకుండా అమ్మ గడి వెనక వాకిలికి పోయేది. ఊళ్ళో ఏ ఇంట బర్రె ఈనినా, ఆవు ఈనినా, ముందు పాలు గడివి. అవి గడికి ముట్టేదాకా ఇంట్లో ఒక్క బొట్టు ఎవరూ నాకకూడదు. "గడికియ్యకుంటే బర్రె ఎండుతది" అనేది అవ్వ. ఖాళీ ముంత తిరిగి వచ్చాక అమ్మ అందులో కాసిని నీళ్ళు పోసి, కలియదిప్పి, ఆ నీళ్ళు మాకు తలా ఒక గుక్క పోసేది. అదే మాకు జున్ను. ఆ కడుగునీళ్ళ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. గడిలో ఆ జున్ను తినీ తినీ మొఖం మొత్తి కుక్కలకు పెట్టేవాళ్ళని అక్కడ అంట్లు తోమే ఆమె చెప్పేది. అమ్మ అది విని ముంతను ఇంకాస్త గట్టిగా తోమేది.

మా ఊరి నుంచి పెద్ద బడికి పోయిన మొదటి మనిషి చిన్నాయన. బుట్టలాంటి పుట్టి పడవలో కృష్ణ దాటి గద్వాల పోయి, మా మేనత్త ఇంట్లో ఉండి చదివాడు. అక్కడ ఒక ముసలి పంతులు సాయంత్రాలు తన అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకొని, వేరే దేశాల జ్ఞానులు ఎప్పుడో రాసిన సంగతులు చెప్పేవాడట. చిన్నాయన సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మాటలు మోసుకొచ్చేవాడు. అందరూ ఊరికి బెల్లమో, బట్టలో తెచ్చేవాళ్ళు, ఈయన మాటలు తెచ్చేవాడు. మొదట అవ్వకే చెప్పాడు.

"అమ్మా, పరిపాలన అనేది దేవుడిచ్చింది కాదే. ఎనకట మనుషులే ఒకకాడ కూసోని ఒప్పందం చేసుకుండ్రు. నువ్వు మమ్ముల కాపాడు, మేము నీకు తిండి పెడ్తం అని."

"ఎవలు చేసుకుండ్రు? మా అయ్య గిట్ల ఏలిముద్ర ఏసిండా?" అన్నది అవ్వ.

"అదేనే నేను చెప్పేది. ఎవ్వడూ ఎయ్యలే!"

"ఎయ్యకుంటే ఇగ ఒప్పందం యాడిది రా పిచ్చోడా?" అని అవ్వ పొగాకు నోట్లో పెట్టుకుంది.

అవ్వకు ఎక్కలేదు. చదువు ముగించి ఊరికి వచ్చాక చిన్నాయన ఆ మాటలను ఖాజా దర్జీ అరుగు మీద చెప్పడం మొదలుపెట్టాడు. ఖాజా, చిన్నాయన ఒక ఈడువాళ్ళు, కలిసి గోలీలాడినవాళ్ళు. ఖాజాను మేము మామా అని పిలిచేవాళ్ళం. మా రైకలు, లాగులు ఆయనే కుట్టేవాడు. గడి తలుపుల పరదాలు కూడా ఆయనే కుట్టేవాడు, దానికి కూలి లేదు. చేను నుంచి వచ్చినవాళ్ళు ఆయన అరుగు మీద కాసేపు కూర్చొని పోవడం అలవాటు. నేను గుండీలు కుట్టించుకునే వంకతో పోయి కూర్చునేదాన్ని. ఒప్పందం, హక్కు, అధికారం అనే మాటలకు ఎవరూ తల ఊపలేదు. ఒకాయన ఆవలించాడు కూడా. అప్పుడు చిన్నాయన మాట మార్చాడు.

"జొన్న పాలు వట్టేటాల్లకు మనం చేన్లకు కావలోన్ని పెట్టుకుంటం గద?"

"పెట్టుకుంటం."

"ఆనికి గింజలు ఎవలిస్తరు?"

"మనమే."

"మరి ఆ కావలోడే కంకులు ఇరుసుకొని తింటే?"

"ఆన్ని తరిమి ఇంకొకన్ని పెట్టుకుంటం. గిదేం అడుగుడు?"

"మరి గడిని ఎందుకు పెట్టుకున్నం?"

ఖాజా మామ కాలు మిషను మీద ఆగిపోయింది. ఆవలించినాయన అటూ ఇటూ చూసి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. కానీ మర్నాడు ఆయనే ముందు వచ్చి కూర్చున్నాడు. ఆ కావలోని మాట మా ఊళ్ళో పాకినంత వేగంగా ఏ జబ్బూ పాకలేదు. నీళ్ళ బావి కాడ, కలుపు తీసే చోట, ఆడవాళ్ళు కూడా ఒకరినొకరు "కావలోడు కంకులిరుస్తుండు" అని గడి దిక్కు కళ్ళతో చూపించి నవ్వుకునేవాళ్ళు. గడి అంటే మాకు భయం పోయింది ఆ నవ్వుతోనే. ఇది నేను కళ్ళారా చూశాను గనుక, మాటకు బలం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆ అరుగు మీదే ఒకరోజు ఖాజా మామ అడిగాడు. "కుర్మన్నా, అంత మంచిగనే ఉన్నది. రేపు ఊరంత కలిసి నిన్నే కావలికి పెడితే? నువ్వే కంకులు ఇరుస్తే?"

చిన్నాయన పకపకా నవ్వాడు. "నన్ను గూడ తరుముండ్రి! మొదలు నువ్వే లేవాలె ఖాజా. నువ్వు లేవకుంటే నువ్వు నా దోస్తువే కాదు."

ఖాజా మామ పళ్ళతో దారం తెంపి, "యాదుంచుకుంట" అన్నాడు.

ఆ ఏడు మా బర్రె ఈనింది. అమ్మ ముంత నెత్తిన పెట్టుకుంటుంటే చిన్నాయన పొయ్యి కాడికి వచ్చి దించాడు. ఆ పాలు దూడవి, పిల్లలవి, గడివి కావు అన్నాడు. అమ్మ వాకిలి దిక్కు చూసింది. చివరికి అమ్మే ముంతలో బెల్లం, మిరియాలు వేసి, నీళ్ళ కుండ మీద పెట్టి ఉడికించింది. మేము మొదటిసారి జున్ను తిన్నాం. అవ్వ మాత్రం గోడ దిక్కు తిరిగి కూర్చుంది. మూడో పూటకల్లా దొర మనుషులు వచ్చి, బర్రె దొర జొన్నచేలో పడి మేసిందని చెప్పి, కట్టేసి ఉన్న బర్రెను విప్పి బందెలదొడ్డికి తోలుకుపోయారు. పరాయి చేలో పడ్డ పశువులను పెట్టే రాళ్ళ దొడ్డి అది, దాని తాళంచెవి గడిలో ఉంటుంది. బర్రె లోపల, దూడ బయట. పొదుగు నిండి, పాలు నేల మీద కారుతుంటే బర్రె అరిచిన అరుపులు ఊరంతా విన్నది. రెండో రోజు అమ్మ చీర చెంగు బిగించి, ఇంటింటికీ పోయి ఆడవాళ్ళను పిలిచింది. అందరూ వచ్చారు. ఖాజా భార్య చాంద్‌బీ రోకలి తెచ్చింది. తలుపు పగలగొట్టి బర్రెను బయటికి తెచ్చారు. ఒక చన్ను చెడిపోయి ఆ తర్వాత ఎన్నడూ పాలివ్వలేదు గానీ, ఆ రోజు నేను చూసిన అమ్మను మళ్ళీ చూడలేదు. కొప్పు ఊడిపోయి, నవ్వుతూ, దూడను ఎత్తుకొని నడిచింది.

ఇక గడి ఊరుకోదని అందరికీ తెలుసు. గట్టిగా నిలబడాలంటే ప్రమాణం చేయాలన్నారు పెద్దవాళ్ళు. చిన్నాయనకు అది నచ్చలేదు. "మనుషుల మధ్యల మాటకు దేవుడెందుకు?" అన్నాడు. "దేవుని ముందర అననిది మాటెట్లయితది?" అన్నారు వాళ్ళు. బండ్లు కట్టుకొని అందరం బీచుపల్లి పోయాం. ఖాజా మామ కూడా వచ్చాడు. మిగతావాళ్ళు కృష్ణలో మునిగి, తడి బట్టలతో ఆంజనేయస్వామి ముందు నిలబడ్డారు. ఖాజా మామ మెట్ల కింద, నీళ్ళలో చేతులు ముంచి నిలబడ్డాడు. ప్రమాణం మాటలు మా ఊరి పెద్దమనిషి చెప్పాడు, అందరూ వెంట అన్నారు. "గడికి పోము. గడి మాట ఇనం. కుర్మన్న మాటనే ఇంటం. కుర్మన్న ఏది చెప్తే గది చేస్తం."

ఈ చివరి మాట ఎవరూ అనుకొని వచ్చింది కాదు. ఒకరి మాట వినకుండా బతకడం ఎట్లాగో మా వాళ్ళకు తెలియదు. ఒక పేరు తీసేస్తే అక్కడ ఇంకో పేరు పెట్టాలి, లేకపోతే ప్రమాణం సగంలో ఆగినట్టు ఉంటుంది. అందుకని పెట్టారు. ఖాజా మామ నీళ్ళలోంచి చేతులు తీసి చిన్నాయన దిక్కు చూశాడు. వద్దు, ఆ మాట తీసేయండి అని ఆయన అంటాడని చూశాడు. చిన్నాయన తల వంచుకొని ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకు సంతోషంగా ఉంది.

ప్రమాణం నిలబడింది. గడికి నీళ్ళు మోసేవాళ్ళు పోలేదు, ఊడ్చేవాళ్ళు పోలేదు, పాలు పోలేదు. దొరసాని చేదతో తానే నీళ్ళు తోడుకుంటుందని విని చూడడానికి పిల్లలం గోడెక్కాం. ఆమె మమ్మల్ని చూసి తిట్టలేదు, చేద వదిలేసి లోపలికి పోయింది. దొర పోలీసులను పిలిపించాడు, వాళ్ళు వచ్చి పోయారు గానీ నీళ్ళు మోయలేదు కదా. ఎండలు ముదిరేనాటికి గడికి తాళం వేసి, కుటుంబమంతా హైదరాబాదు వెళ్ళిపోయారు. ఒక్క దెబ్బ పడకుండా, ఒక్క ఇల్లు కాలకుండా గడి పడిపోయింది. గద్వాల అరుగు మీద విన్న నాలుగు మాటలు చేసిన పని అది. శ్రావణి పుస్తకం అక్కడిదాకా నిజమే చెబుతుంది.

పోటీ లేకుండా చిన్నాయన సర్పంచి అయ్యాడు. మొదట్లో ఆయన చేసినవి మంచి పనులే, అబద్ధం చెప్పను. గడి బావి అందరికీ తెరిపించాడు. బడికి కొట్టం వేయించాడు. బందెలదొడ్డి తలుపు బాగు చేయించి కొత్త తాళం వేయించినప్పుడు మాత్రం ఖాజా మామ అడ్డం పడ్డాడు. "దాన్ని కూలగొడ్తం కుర్మన్నా. ఆ రాళ్ళు బడికి పనికొస్తయి" అన్నాడు. "పరిపాలన అన్నంక దొడ్డి ఉండాలె ఖాజా. ఇప్పుడు అది గడిది కాదు, మనది" అన్నాడు చిన్నాయన. తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు ముసలి బాలమ్మ మోదుగాకు మూత పెట్టిన ముంతతో మా వాకిట్లో నిలబడింది. చెప్పులు లేవు. చిన్నాయన గాభరాపడి, "ఇదేందమ్మా, కొంటపో, నీ మనుమలకు పెట్టు" అన్నాడు. ఆమె ఏడ్చింది. "మమ్ముల కొట్టినోనికి పెట్టినం, మమ్ముల కాపాడినోనికి పెట్టమా నాయినా?" అన్నది. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకనట్టుంది, చిన్నాయన తీసుకున్నాడు. తర్వాత ఇంకో ఇంటి నుంచి వచ్చింది, ఇంకో ఇంటి నుంచి వచ్చింది. పిల్లలం తినలేక పడేసేదాకా వచ్చింది. అమ్మ ఆ జున్ను ఒక్కనాడూ నోట పెట్టలేదు. ముంతలు తోమి తిరిగి ఇస్తూ, ఇచ్చేవాళ్ళ ముఖంలోకి చూసేది కాదు. కొన్నాళ్ళకు చిన్నాయన వద్దనడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకు ఎవరింట్లో ఈనిందో అడగడం మొదలుపెట్టాడు. తెచ్చినవాళ్ళ తగవు ముందు వినేవాడు, వాళ్ళ వీధిలో మట్టి ముందు పోయించేవాడు. తేనివాళ్ళను ఏమీ అనేవాడు కాదు, వాళ్ళ పేరు విననట్టు ఉండేవాడు, అంతే.

ఇప్పుడు మా ఊళ్ళో పాలు డైరీ బండికి పోతున్నాయి. జున్ను పొడి ప్యాకెట్టు ఈ నాగర్‌కర్నూలు కొట్లో దొరుకుతుంది, నేను కొనను. గడి కూలిపోయి తుమ్మలు మొలిచాయి. ఎవరూ ఎవరికీ ముందు పాలు తీసుకుపోవడం లేదు. శాలువాలు పోతున్నాయి, పూలదండలు పోతున్నాయి, పుట్టినరోజుకు రోడ్డు పొడుగూతా ఫ్లెక్సీలు లేస్తున్నాయి. తమ బడికి తలుపు పెట్టించమని అడగడానికి కూడా మనిషి దండ పట్టుకొని పోతున్నాడు. "వాళ్ళను ఎవలు బలవంతం జేస్తుండ్రు అవ్వా?" అంటుంది శ్రావణి. ఎవరూ చేయడం లేదు. బాలమ్మను కూడా ఎవరూ చేయలేదు. దొర తీసుకున్నప్పుడు మాకు కోపమైనా వచ్చేది, కోపం వచ్చింది కాబట్టే ఒకరోజు తలుపు పగిలింది. చేజేతులా ఇచ్చుకున్నదాని మీద కోపం ఎట్లా వస్తుంది? ఆ పంతులు చెప్పిన మాట తప్పు కాదని నేను ఇప్పటికీ అంటాను. కావలోడు కంకులు తింటే తరమాలి. కానీ ఆ కంకులు మనమే విరిచి, ఆకులో పెట్టి, చెప్పులు విప్పి తీసుకుపోయి ఇస్తుంటే ఏం చేయాలో ఆయన చెప్పాడో లేదో. చిన్నాయన అంతవరకు వినకుండానే పుట్టి ఎక్కినట్టున్నాడు.

ఫోటో నా దగ్గర ఉంది. ట్రంకుపెట్టెలో, చిన్నాయన మెడలో దండతో. లేదని చెప్పి పంపించాను. మళ్ళీ వస్తామన్నారు. వస్తే మళ్ళీ లేదనే చెబుతాను.

ఆ మాపటి రొట్టె దగ్గర తగవు జరిగిన మర్నాడు పొద్దున నేను పేడ ఎత్తడానికి పోతుంటే బందెలదొడ్డి నుంచి అరుపు వినబడింది. ఖాజా మామ బర్రె లోపల ఉంది. పొదుగు రాయిలా బిగిసి, చన్నుల నుంచి పసుపుపచ్చ పాలు మట్టిలో కారుతున్నాయి. చాంద్‌బీ దూడను పట్టుకొని గోడవారన కూర్చుంది. బడి కాడ నాటిన పంచాయితీ మొక్కలు మేసిందని ఎల్లయ్య చెబుతున్నాడు. ఈని మూడు రోజులు కాని బర్రె, కొట్టం దాటని బర్రె. నేను పరుగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ఆర్పి, చెంగు బిగించి, వెనకటిలాగే ఇంటింటికీ పోయింది. ఒకామె దగ్గుతున్నానన్నది. ఒకామె మొగుడు తిడతాడన్నది. బాలమ్మ తలుపు తీసి, "కుర్మన్న మనోడే గద బిడ్డా, మనోని మీద ఎట్ల లేస్తం?" అన్నది. అమ్మ ఒక్కతే వచ్చి దొడ్డి ముందు నిలబడింది. వెనక నేను. చాంద్‌బీ ఈసారి రోకలి తేలేదు.

ఎండ గోడ దిగకముందే ఖాజా మామ దొడ్డి గోడ దూకి లోపలికి పోయి, ముంతలో పాలు పిండాడు. మోదుగాకు దొరకలేదేమో, కుట్టగా మిగిలిన గుడ్డపేలికతో మూత కట్టాడు. మా ఇంటి ముందు చెప్పులు విడిచి, ముంత అరుగు మీద పెట్టాడు. ఆయన వెనకాలే ఎల్లయ్య, నేను వచ్చాం. చిన్నాయన కుర్చీలో కూర్చొని వేపపుల్ల నములుతున్నాడు. ఖాజాను చూసి ఆయన ముఖం నిజంగానే విచ్చుకుంది.

"ఏందిర ఖాజా, అలిగినవనుకున్న. రా, కూసో. చాయ్ తాగుదువు."

"నిలవడే ఉంట, దొరా" అన్నాడు ఖాజా మామ.

చిన్నాయన ఉలిక్కిపడతాడని నేను ఆయన ముఖం చూశాను. ఆయన వేపపుల్ల పక్కన పెట్టి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఎల్లయ్య చేతికి ఇచ్చాడు. ముంతను లోపలికి తీసుకుపొమ్మని నాకు చెప్పాడు.